తీరం నుంచి తీరం దాకా 18 జట్లు: కాలేజీ బాస్కెట్‌బాల్ షెడ్యూల్‌లో ప్రయాణాల బరువు ఎందుకు తగ్గడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మాయి అమెరికా పడమటి తీరంలో చదువుకుంటూ అక్కడి మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా చేరింది. ఆ జట్టు ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు) 18 విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, చాలామటుకు రెండు వేల, మూడు వేల కిలోమీటర్ల అవతల. జనవరి నుంచి ఆమె నెలకు రెండుసార్లు దేశం ఆ చివరికి వెళ్ళి వస్తోంది, నిద్ర లేదు, క్లాసులు పోతున్నాయి. కంప్యూటర్‌కు అప్పగించి దూరం తక్కువయ్యేలా షెడ్యూల్ వేయించలేరా, లోపం ఎక్కడుంది అని అడిగారు.

ముందే సూటిగా చెబుతాను. దూరం తక్కువయ్యే షెడ్యూల్ వేయవచ్చు. కానీ దూరం తగ్గినంత మాత్రాన పిల్లల మీద బరువు తగ్గదు. మనిషిని అలసటకు గురిచేసేవి కిలోమీటర్లు కావు. పరాయి ఊళ్ళో గడిపే రాత్రులు, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే రాత్రులు, తప్పిపోయే క్లాసు రోజులు. ఇవి దూరాన్ని బట్టి మాత్రమే పెరగవు, తరగవు. పైగా ఇంత విశాలమైన కాన్ఫరెన్స్‌లో అంచున ఉన్న జట్లకు, మధ్యలో ఉన్న జట్లకు సమానంగా భారం పంచడం లెక్క ప్రకారమే కుదరదు. చేయగలిగిందల్లా ఆ భారం ఏ ఒక్క జట్టునూ విరగ్గొట్టకుండా చూడటం.

నేను ఐదేళ్ళు ఒక విశ్వవిద్యాలయ జట్టుకు ప్రయాణ ఏర్పాట్లు చూసి, ఆ తర్వాత పదకొండేళ్ళుగా ఒక కాన్ఫరెన్స్ కార్యాలయంలో షెడ్యూల్ వేసే పనిలో ఉన్నాను. అది బిగ్ టెన్ కాదు, అంతకంటే చిన్నది; అయినా మా జట్లు కూడా మూడు కాలమానాల్లో చెదిరి ఉన్నాయి. కాబట్టి కింద చెప్పేది చదివి తెలుసుకున్నదే కాదు, చేసి దెబ్బతిని నేర్చుకున్నది కూడా.

ముందు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో రెండు మాటలు. 2024 వరకు పడమటి తీరపు పెద్ద విశ్వవిద్యాలయాలకు పాక్-12 అనే కాన్ఫరెన్స్ ఉండేది. అందులో జట్లన్నీ జంటలుగా అమరిపోయాయి: యూసీఎల్‌ఏ–యూఎస్‌సీ, స్టాన్‌ఫర్డ్–బర్క్‌లీ, ఆరిజోనా–ఆరిజోనా స్టేట్, ఆరెగన్–ఆరెగన్ స్టేట్, రెండు వాషింగ్టన్ జట్లు, యూటా–కొలరాడో. సాధారణంగా గురు లేదా శుక్రవారం ఒక జట్టుతో, శని లేదా ఆదివారం దాని జంటతో ఆడి తిరిగి వచ్చేవారు. ఒక్క విమాన ప్రయాణంలో రెండు ఆటలు ముగిసేవి. 2024 ఆగస్టులో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో చేరాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పేరులోనే అట్లాంటిక్ తీరాన్ని మోసే ఏసీసీలో (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) చేరాయి. మరో నాలుగు జట్లు బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్‌కు వెళ్ళాయి. ఈ మార్పులను ప్రధానంగా నడిపించింది ఫుట్‌బాల్, దాని టీవీ ఒప్పందాలు. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, ఎక్కువగా శనివారాల్లోనే ఆడుతుంది. బాస్కెట్‌బాల్ జట్టు వారానికి రెండుసార్లు, అందులో ఒకటి వారం మధ్యలో, అంటే క్లాసులు జరిగే రోజున ఆడుతుంది. ఒక ఆటకు కుట్టించిన చొక్కాను ఇంకో ఆటకు తొడిగారని నా అభిప్రాయం, దాన్ని దాచుకోను.

ఇప్పుడు లెక్క చూద్దాం. బిగ్ టెన్ మహిళల జట్లు కాన్ఫరెన్స్‌లో 18 ఆటలు ఆడతాయి. ప్రత్యర్థులు 17 మంది కాబట్టి ఒకరితో రెండుసార్లు, మిగతా 16 మందితో ఒక్కోసారి. తొమ్మిది ఆటలు ఇంటి దగ్గర, తొమ్మిది బయట. పడమటి జట్టు తీసుకుంటే, బయటి తొమ్మిదిలో రెండు పొరుగు జట్ల దగ్గర అనుకున్నా, ఏడు తూర్పున పడతాయి. వాటిని రెండేసి చొప్పున కలిపినా నాలుగు దూర ప్రయాణాలు తప్పవు. అదే న్యూజెర్సీలోని రట్గర్స్ జట్టును తీసుకోండి. పడమట ఉన్న నాలుగు జట్లలో రెండు దాని ఇంటికే వస్తాయి, మిగతా రెండింటి దగ్గరికి అది వెళుతుంది. ఆ రెండింటినీ కలిపితే ఏడాదికి ఒక్క దూర ప్రయాణం. నాలుగుకు ఒకటి. ఏ కంప్యూటరూ ఈ నిష్పత్తిని మార్చలేదు, ఎందుకంటే ఇది షెడ్యూల్‌లో లేదు, పటంలో ఉంది.

మనవాళ్ళకు దూరం అందడానికి ఒక పోలిక చెబుతాను. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు ఆకాశమార్గాన సుమారు 2,900 కిలోమీటర్లు. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ సుమారు 3,900. పైగా మనకు దేశమంతటా ఒకే గడియారం. ఇక్కడ ఆ ప్రయాణంలో మూడు గంటలు మారిపోతాయి.

ఆ మూడు గంటలే అసలు తంటా. ఒక బుధవారం రాత్రిని దగ్గరగా చూడండి. న్యూజెర్సీలో ఆట రాత్రి 7 గంటలకు మొదలై 9 దాటాక ముగుస్తుంది. స్నానాలు, విలేఖరుల ప్రశ్నలు, ట్రైనర్ మోకాళ్ళకు ఐస్ సంచులు చుట్టడం, డబ్బాల్లో తెచ్చిన భోజనం అన్నీ అయి బస్సు కదిలేసరికి పదిన్నర. అందరికంటే చివర ఎక్కేది మేనేజర్లే, తడి జెర్సీలు మూటకట్టి, బంతులు, నీళ్ళ సీసాలు లెక్కపెట్టుకుని. విమానం లేచేసరికి పదకొండున్నర. పడమటికి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది కాబట్టి దాదాపు ఆరు గంటలు పడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో దిగేసరికి అక్కడ రెండున్నర. హాస్టల్ చేరేసరికి మూడున్నర; జెర్సీలు ఉతుకు యంత్రంలో వేసి వెళ్ళాల్సిన మేనేజర్‌కు నాలుగు. ఉదయం తొమ్మిదికి క్లాసు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏ ఆలస్యమూ జరగలేదు. అన్నీ సవ్యంగా జరిగితేనే ఇది.

తూర్పుకు వెళ్ళేటప్పుడు ఇంకో రకం ఇబ్బంది. శరీరం ఆలస్యంగా పడుకోవడానికి త్వరగా అలవాటు పడుతుంది, పెందలాడే లేవడానికి కాదు. అందుకే తూర్పు ప్రయాణం ఎక్కువ బాధపెడుతుంది. టీవీ కోసం న్యూజెర్సీలో మధ్యాహ్నం 12కు ఆట పెడితే, పడమటి నుంచి వచ్చిన అమ్మాయి శరీరానికి అది ఉదయం 9. ఆటకు నాలుగు గంటల ముందు తినాలి కాబట్టి ఏడున్నరకు లేపుతారు, అంటే ఆమె లోపలి గడియారంలో నాలుగున్నర. అదే ఆట రాత్రి 7కు ఉంటే ఆమెకు సాయంత్రం 4. ఏ ఇబ్బందీ లేదు. దూరం ఒకటే, ప్రత్యర్థి ఒకటే, ఆట వేళ మారితే ప్రయాణం బరువు మారిపోయింది. ఎదురు దిక్కున కూడా ఇంతే: లాస్ ఏంజెలెస్‌లో రాత్రి 7:30 ఆట తూర్పు జట్టుకు పదిన్నరకు మొదలైనట్టు. నేను షెడ్యూల్ చూసేటప్పుడు ఊరి పేర్ల కంటే ముందు వేళలు చూడటం ఇందుకే.

ఇక కంప్యూటర్ సంగతి. ఈ పనికి గణితం వాడటం కొత్తేమీ కాదు. జార్జి నెమ్‌హౌసర్, మైకేల్ ట్రిక్ అనే ఇద్దరు ఆచార్యులు 1997–98 సీజన్‌కే ఏసీసీ పురుషుల షెడ్యూల్‌ను ఇలా వేశారు. అప్పుడు ఏసీసీలో తొమ్మిది జట్లే. ప్రతి జట్టూ మిగతా ఎనిమిదింటితో రెండేసిసార్లు, మొత్తం 16 ఆటలు. అయినా అది తేలికగా తెగలేదు. ముందు ఇంటి ఆట, బయటి ఆట, ఖాళీ రోజు ఏ వరుసలో రావచ్చో ఆ నమూనాలు తీసి, వాటిలో ఆటలు నింపి, చివరన ఏ నమూనా ఏ జట్టుదో తేల్చారు. తర్వాత వారే సహచరుడితో కలిసి, జట్లు తిరిగే మొత్తం దూరాన్ని అతి తక్కువ చేయడం అనే సమస్యను 2001లో విడిగా సూత్రీకరించారు. జట్ల సంఖ్య పదికి అటూ ఇటూ ఉన్నప్పుడే అది కంప్యూటర్లను ముప్పుతిప్పలు పెట్టింది.

కానీ నేను చెప్పదలచింది ఆ కష్టం గురించి కాదు. యంత్రానికి మనం ఏది తగ్గించమంటే అదే తగ్గిస్తుంది. దూరం తగ్గించమంటే అది చేసే మొదటి పని, బయటి ఆటలను గొలుసుగా కట్టి జట్టును ఇంటికి రానివ్వకపోవడం. నాకిది అనుభవంలోకి వచ్చింది. కార్యాలయంలో నా రెండో ఏడాది, అంతకు ముందెన్నడూ లేనంత తక్కువ దూరంతో ఒక షెడ్యూల్ తయారుచేసి సంతోషించాను. అందులో ఒక మహిళల జట్టుకు గురువారం, శనివారం, మళ్ళీ సోమవారం వరుసగా మూడు ఆటలు బయటే. బుధవారం బయలుదేరి మంగళవారం ఇల్లు చేరారు: ఆరు రాత్రులు హోటల్లో, ఐదు క్లాసు రోజులు పోయాయి. ఆ సోమవారం ఉదయం ఒక అమ్మాయికి కెమిస్ట్రీ పరీక్ష ఉంది. గదిలో ఉన్న చిన్న బల్ల మీద అప్పటికే మరో అమ్మాయి ఇంకో పరీక్ష రాస్తోంది. ఈమె ఇస్త్రీ బల్లను కిటికీ దగ్గరికి లాక్కుని, దాని ఎత్తు తగ్గించి, దాని మీద రాసింది. అకడమిక్ అడ్వైజర్ మంచం అంచున కూర్చుని గడియారం చూశారు. ఆ ఫొటో కోచ్ నాకు పంపారు, దానికింద ఒక్క మాట కూడా రాయలేదు. నా బల్ల ఎదురుగా గోడకు అది ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడాది నుంచి మేము దూరాన్ని లెక్కలో చివరి వరుసకు నెట్టాము. ముందు క్లాసు రోజులు, తర్వాత అర్ధరాత్రి దాటి ఇల్లు చేరే రాత్రులు, తర్వాత తూర్పు దిక్కున పగటి ఆటలు. ఇంకొక మార్పు ఇంతకంటే ముఖ్యమైనది: అన్ని జట్ల మొత్తం భారాన్ని కాక, అందరికంటే ఎక్కువ మోసే జట్టు భారాన్ని తగ్గించమని యంత్రానికి చెప్పాము. మొత్తం తగ్గించమంటే అది ఒక అంచు జట్టును బలిపెట్టి మిగతా అందరికీ సుఖం ఇస్తుంది, లెక్క అందంగా కనిపిస్తుంది. మొత్తం దూరం కొంత పెరిగింది, ఖర్చూ పెరిగింది; కొన్ని విశ్వవిద్యాలయాలు దానికి గట్టిగా అభ్యంతరం చెప్పాయి కూడా. ఆ ఫొటో చూపించి ఒప్పించాను.

మీరు అనుకోవచ్చు, ఇలా చెబితే యంత్రం చేస్తుంది కదా, మరి పెద్ద కాన్ఫరెన్స్‌లు ఎందుకు చేయవు అని. అవీ చేస్తాయి. కాని దానికి ముందే చాలా రోజులు చేతిలోంచి జారిపోతాయి. మొదటిది ఆట స్థలం. చాలా చోట్ల పురుషుల, మహిళల జట్లకు ఒకటే అరీనా. ఒకరు ఇంట్లో ఉంటే మరొకరు బయట ఉండాలి. కొన్నిచోట్ల అది వాళ్ళది కూడా కాదు. నార్త్ కరొలైనా స్టేట్ పురుషుల జట్టు ఆడే అరీనాలోనే వృత్తిపరమైన ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు చెందిన జట్టు కరొలైనా హరికేన్స్ ఆడుతుంది, కచేరీలు కూడా జరుగుతాయి. రెండోది టీవీ. ఏ ఆట ఏ రోజు, ఏ వేళ అన్నది ఛానళ్ళ కోరికను బట్టి కదులుతుంది. వేళలతో కూడిన షెడ్యూల్ చేతికి వచ్చేసరికి సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు అవుతుంది. అప్పటికి మామూలు విమానాల్లో పాతిక మందికి కలిపి టికెట్లు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. మూడోది ఒక్కో విశ్వవిద్యాలయం నియమం. బిగ్ 12లో ఉన్న బ్రిగమ్ యంగ్ జట్టు మత విశ్వాసం వల్ల ఆదివారం ఆడదు. అది న్యాయమైన నియమమే, కాని దానితో జంట ప్రయాణం కట్టేవారికి ఒక రోజు తగ్గిపోతుంది.

నాలుగోది, బయటివారు గమనించనిది, చదువుల క్యాలెండర్. యూసీఎల్‌ఏ, వాషింగ్టన్, ఆరెగన్‌లలో క్వార్టర్ పద్ధతి, అంటే సెమిస్టర్ కంటే పొట్టి టర్ములు. జనవరి మొదట్లోనే క్లాసులు మొదలై మార్చి మధ్యలో పరీక్షలు వస్తాయి. తూర్పున, మధ్యలో ఉన్నవాటిలో ఎక్కువ చోట్ల సెమిస్టర్. జనవరి మధ్య దాకా క్లాసులు ఉండవు. అందుకని దూర ప్రయాణాలను జనవరి మొదటి రెండు వారాల్లో పెట్టడం మంచి ఉపాయమే, కాని అది తూర్పు పిల్లలకు మాత్రమే సెలవుల్లో పడుతుంది. పడమటి పిల్లలకు కొత్త పాఠాలు మొదలైన వారంలో పడుతుంది. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాకపోయినా, నాలుగు ప్రయాణాలు చేసేవారికే మళ్ళీ ఇదీ తగులుతోంది.

చార్టర్ విమానాల (జట్టు కోసమే అద్దెకు తీసుకునేవి) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అవి ఉంటే సమస్య తీరిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. జట్టుతో వెళ్ళేది సుమారు 25–30 మంది. దానికి 30–50 సీట్ల చిన్న జెట్ సరిపోతుంది, మధ్య రాష్ట్రాల్లో తిరిగే జట్లకు అది చక్కని సాధనం. కాని ఆ తరహా జెట్లలో చాలావాటికి పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరానికి ఒక్క దూకుగా వెళ్ళేంత ఇంధనం పట్టదు. మధ్యలో ఎక్కడో దిగి నింపుకోవాలి, లేదా బాగా పెద్ద విమానం తీసుకుని చాలామటుకు ఖాళీగా నడపాలి. అందుకే అదే చార్టర్ సదుపాయం ఉన్నా తీరపు జట్టుకు ఒక గంటో గంటన్నరో అదనంగా పడుతుంది.

జంట ప్రయాణాలకూ ఒక ప్రమాదం ఉంది. నేను జట్టుతో తిరిగే రోజుల్లో ఒక జనవరిలో మంచు తుఫాను వల్ల మధ్యలో మారాల్సిన విమానం రద్దయింది. 24 మందికి ఒకే విమానంలో చోటు దొరకలేదు. మూడు ముక్కలుగా విడిపోయి వెళ్ళాము. చివరి ముక్క ఆటకు నాలుగు గంటల ముందు చేరింది, సామాను ఇంకా వెనక ఉంది. ఇద్దరు అమ్మాయిలు ఆతిథ్య జట్టు దగ్గర అప్పు తెచ్చుకున్న బూట్లతో ఆడారు. దాని అలసటతోనే రెండు రోజుల తర్వాత రెండో ఆట. విడి ప్రయాణమైతే ఒక ఆటతో పోయేది, జంట కావడంతో రెండూ చెడ్డాయి. అయినా జంటలనే నేను సమర్థిస్తాను, మొదటి ఆటకు ముందు ఒక పూర్తి రోజు విడిచిపెడితేనే.

చిన్న కాన్ఫరెన్స్‌లు కొన్ని వేరే దారులు పట్టాయి. స్వాక్ (సౌత్‌వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్) వంటివాటిలో పురుషుల, మహిళల జట్లు ఒకే చోటికి వెళ్ళి ఒకే రోజు ఒకదాని తర్వాత ఒకటి ఆడతాయి. హార్వర్డ్, యేల్ వంటివి ఉన్న ఐవీ లీగ్ చాలాకాలం శుక్ర, శనివారాల్లో వరుసగా రెండు ఆటలు పెట్టి వారం మధ్యను చదువుకు వదిలింది. ఆటగాళ్ళ కాళ్ళకు అది కఠినమే, చదువుకు మేలు. హవాయి విశ్వవిద్యాలయం 2012లో బిగ్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరేటప్పుడు, తన దగ్గరికి వచ్చే జట్ల ప్రయాణానికి కొంత సొమ్ము తానే ఇవ్వడానికి ఒప్పుకుంది. అంచున ఉన్నవారి భారాన్ని డబ్బుగా లెక్కకట్టిన ఉదాహరణ అది, కాకపోతే కట్టింది కూడా అంచున ఉన్నవారే. అన్నిటికంటే పాత హెచ్చరిక వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. 1996లో అది హవాయి నుంచి ఓక్లహోమా దాకా 16 జట్లకు పెరిగి, నాలుగేసి జట్ల గుంపులు చేసి తిప్పడానికి చూసింది. మూడేళ్ళు గడవకముందే ఎనిమిది జట్లు విడిపోయి 1999లో మౌంటెన్ వెస్ట్ అనే కొత్త కాన్ఫరెన్స్‌గా ఏర్పడ్డాయి. ఖర్చు, పాత పోటీలు తెగిపోవడం రెండూ కారణాలే.

నియమావళి రక్షణ ఇస్తుందనుకోకండి. కాలేజీ ఆటలను నియంత్రించే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆటకు సంబంధించిన పని చేయించకూడదు. కాని ఆట రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటలుగానే లెక్క, ప్రయాణ సమయం అసలు లెక్కలోకే రాదు. పైన చెప్పిన ఆ బుధవారం రాత్రి కాగితం మీద మూడు గంటలు.

ఇక మీ అమ్మాయి విషయం. ఆమె షెడ్యూల్ మార్చలేదు, కాని దాన్ని ముందే చదవగలదు. వచ్చే ఏడాది షెడ్యూల్ వెలువడిన రోజే మూడు రకాల ఆటలకు గుర్తు పెట్టుకోమనండి: తూర్పున మధ్యాహ్నం 3కు ముందు మొదలయ్యేవి, వారం మధ్యలో తూర్పున జరిగి అదే రాత్రి తిరిగి రావలసినవి, జంట ప్రయాణంలో రెండోవి. ఈ గుర్తుల మరుసటి ఉదయం ల్యాబ్‌లు, పరీక్షలు పడకుండా కోర్సులు ఎంచుకోవడం ఆమె చేతిలో ఉంది. రెండు, మూడు రోజుల ప్రయాణాల్లో శరీరాన్ని కొత్త గడియారానికి మార్చడానికి ప్రయత్నించవద్దు. వీలైనంతవరకు ఇంటి వేళకే తిని, ఇంటి వేళకే పడుకోవడం మేలు. నాలుగు రోజులు దాటితేనే మార్చుకోవాలి. తిరిగి వచ్చిన రాత్రి జెర్సీల పని మేనేజర్లు వంతులు వేసుకోవాలి, ప్రతిసారీ ఒక్కరే చేయకూడదు. ఈ మాట ఆమె అడగడానికి మొహమాటపడుతుంది. అడిగితే జట్టు ఏర్పాట్లు చూసే ఆపరేషన్స్ డైరెక్టర్లు సాధారణంగా కాదనరు.

క్లాసుకు రాలేని రోజులను తెలుపుతూ ప్రొఫెసర్లకు ఇచ్చే ప్రయాణ లేఖలు ఆటగాళ్ళకు ఆనవాయితీగా అందుతాయి, మేనేజర్లను చాలాచోట్ల మరిచిపోతారు. జట్టు అకడమిక్ అడ్వైజర్ దగ్గరికి క్వార్టర్ మొదటి వారంలోనే వెళ్ళి, ఆ జాబితాలో తన పేరు ఉందో లేదో చూసుకోమనండి.